ఈ ఏడు పండగ లేని ఇళ్ల గురించి: మన సంఘకాపరులకు, పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్ర, తెలంగాణల్లోని సంఘకాపరులకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, యవనస్థుల నాయకులకు ప్రభువు నామంలో వందనాలు.

సమాధుల పండుగ అయిపోయింది. నవంబరు 2న వెలిగించిన కొవ్వొత్తుల మైనం సమాధి రాళ్ల మీద ఇంకా అంటుకుని ఉండగానే క్రిస్మస్ కమిటీలు కూర్చుంటాయి. సెమీ క్రిస్మస్ ఏ తారీకున, వాక్యానికి ఎవరిని పిలవాలి, సౌండ్ సిస్టమ్ ఎవరిది, భోజనాలకి ఎంతమంది వస్తారు, క్యారల్స్ ఏ రాత్రి ఏ పేటకి వెళ్లాలి, అన్నీ ఈ నెలలోనే తేలిపోతాయి. ఆ పట్టిక అచ్చుకి వెళ్లకముందే ఒక మాట అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది ఒంగోలు వైపు. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘంలో స్త్రీల సమాజం పనులు చూస్తుంటాను. వేదాంతం చదువుకున్నదాన్ని కాను. చెప్పేదాంట్లో వాక్యానికి తేడా వస్తే మీరు సరిచేయండి.

డిసెంబరు వస్తే మన పేటలకి ఎక్కడలేని కళ వస్తుంది. డాబాల మీద నక్షత్రాలు, గుమ్మాలకి సీరియల్ లైట్లు, అరిసెల పాకం వాసన, టైలర్ షాపులో అర్ధరాత్రి దాకా కుట్టుమిషన్ చప్పుడు. నాకివన్నీ ఇష్టమే, వీటిని తగ్గించమని అడగను. కానీ ఇంత వెలుతురులో కొందరు గుమ్మం దాటి బయటికి రాలేరు. ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్నవాళ్లు, పిల్లలు విదేశాల్లో స్థిరపడితే ఇద్దరే మిగిలిన ముసలివాళ్లు, పంట పోయి పిల్లలకి కొత్త బట్టలు కొనలేక ఆదివారం మానేసే తండ్రి, 'ఇంకా ఉద్యోగం రాలేదా' అన్న ప్రశ్నకి భయపడి సెమీ క్రిస్మస్ భోజనాలకి రాని కుర్రాడు. కోనసీమ నుంచీ, పశ్చిమ గోదావరి నుంచీ, కడప నుంచీ కువైట్ వెళ్లి ఇళ్లలో పనిచేసే తల్లుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ క్రిస్మస్‌కి సెలవు ఉండదు. తెలుగు సంఘాలు శుక్రవారం ఆరాధన చేసుకుంటాయి గానీ, యజమానురాలు వదిలితేనే ఆ శుక్రవారమైనా. ఇక్కడ పిల్లలు కొత్త గౌను వేసుకుని ఫోన్‌లో చూపిస్తారు. ఆవిడ అక్కడ బాత్రూము తలుపేసుకుని చూస్తుంది.

పండగ రోజుల్లో ఆత్మహత్యలు పెరుగుతాయని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. అమెరికా లెక్కల్లో చూస్తే డిసెంబరు తక్కువ నమోదయ్యే నెలల్లో ఒకటి. అందుకని మిమ్మల్ని భయపెట్టే లెక్కలేవీ నేను చెప్పను. చలి దేశాల్లో చదువుకునే మన పిల్లలకి సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది, వెలుతురు తగ్గడం వల్లే దిగులు పట్టేవాళ్లు అక్కడ ఉన్నారు. మన దగ్గర ఎండకేం కొదవ? ఇక్కడ దిగులు పక్కింటితో పోల్చుకోవడం వల్ల వస్తుంది, అప్పు వల్ల వస్తుంది, భోజనాల దగ్గర ఒక విస్తరి తగ్గడం వల్ల వస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా, సంతోషంగా ఉండి తీరాలన్న ఒత్తిడి వల్ల వస్తుంది. ఆ ఒత్తిడి పెట్టేది ఎక్కువసార్లు మనమే.

మన ఊళ్లలో ఒక అలవాటుంది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా క్రిస్మస్ చేసుకోరు. నక్షత్రం కట్టరు, పిండివంటలు వండరు, కొత్త బట్టలు కట్టరు. అడిగితే 'ఈ ఏడు మాకు పండగ లేదండీ' అంటారు. వాక్యంలో ఎక్కడా లేని నియమం ఇది. మన తాతముత్తాతలు గుడిలోకి వచ్చినప్పుడు ఏటిసూతకం కూడా వాళ్ల వెంట వచ్చింది. కొందరు పాస్టర్లు దీన్ని అన్యాచారమని గట్టిగా ఖండిస్తారు. నేనైతే ఖండించను. దుఃఖానికి ఏడాది గడువివ్వడం తెలివైన పనే. గొడవల్లా, ఆ ఏడాదంతా ఆ ఇంటిని మనం కూడా వదిలేస్తున్నాం.

మావారు ఒక సెప్టెంబరులో ప్రభువునందు నిద్రించారు. గుండెపోటు. ఆ డిసెంబరులో క్యారల్స్ వాళ్లు మా సందులోకి వచ్చినప్పుడు రాత్రి పదకొండు దాటింది. సందు మొదట్లో డప్పు వినపడగానే లేచి వరండా లైటు వేశాను. బిస్కెట్ ప్యాకెట్ల అట్టపెట్టె పొద్దున్నే తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాను. పక్కింటి ముందు రెండు పాటలు పాడారు. క్రిస్మస్ తాత వేషం వేసిన కుర్రాడు చాక్లెట్లు పంచుతున్నాడు, పిల్లలు అరుస్తున్నారు. తర్వాత యవనస్థుల నాయకుడి గొంతు వినపడింది: 'ఇక్కడొద్దురా, ఆంటీ వాళ్లకి ఈ ఏడు పండగ లేదు. డప్పు ఆపండి.' డప్పు ఆగింది. అందరూ మాట్లాడకుండా, చెప్పుల చప్పుడు కూడా రాకుండా మా గుమ్మం దాటారు. రెండిళ్ల అవతల మళ్లీ మొదలైంది. నేను తలుపు గడియ మీద చెయ్యి పెట్టుకుని లోపలే నిలబడ్డాను.

ఎంత మర్యాద తెలిసిన పిల్లలో. వాళ్లలో సగం మంది చిన్నప్పుడు నా చేతి సూదిమందు వేయించుకున్నవాళ్లే. వాళ్ల మీద నాకు కోపం లేదు. మా గుమ్మం ముందు పాడితే నేను నొచ్చుకుంటానని వాళ్లకి పెద్దవాళ్లు నేర్పారు. ఆ నేర్పినదాన్ని మార్చమనే నా మొదటి విన్నపం.

ఆ నెలలో నేను విన్న ఓదార్పు మాటలు చాలావరకు ఆజ్ఞల్లాగే ఉన్నాయి. 'ఏడవకూడదమ్మా, ఆయన మహిమలో ఉన్నారు.' 'ఎల్లప్పుడును ఆనందించమని కదా వాక్యం.' ఒక సెమీ క్రిస్మస్ కూటంలో బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఇంకో అడుగు ముందుకేసి, యేసయ్య ఉన్న గుండెలో డిప్రెషన్‌కి చోటుండదు, ఉందంటే మీ విశ్వాసాన్ని పరీక్షించుకోండి అన్నాడు. జనం ఆమెన్ అన్నారు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, కాన్పయి మూడు నెలలైన పిల్ల, తల దించుకుంది. ఆ అమ్మాయి మాత్రలు వాడుతోందని మా స్త్రీల సమాజంలో ఇద్దరికే తెలుసు. తర్వాతి ఆదివారం రాలేదు.

ఆనందించుడి అని పౌలు రాసింది ఖైదులో ఉండి. ఆ ఫిలిప్పీ పత్రికలోనే, రెండు అధ్యాయాలు ముందు, ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకి దగ్గరైన సంగతి చెబుతూ, దేవుడు కనికరించకపోతే తనకి 'దుఃఖముమీద దుఃఖము' కలిగేదని రాశాడు. అంటే అప్పటికే ఒక దుఃఖం ఉంది, దాన్ని దాచుకోలేదు. థెస్సలొనీకయులకి రాసినప్పుడు కూడా నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దన్నాడు గానీ, అసలు దుఃఖపడనేవద్దని అనలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. ఇవి మీకు తెలియనివని కాదు. శ్రమల దినాల్లో నలభై రోజులూ మీరు ఇవే చెబుతారు. మంచి శుక్రవారం ఏడు మాటలు వింటూ గుడి మొత్తం ఏడుస్తుంది, ఎవరూ ఎవరి విశ్వాసాన్నీ అనుమానించరు. డిసెంబరు వచ్చేసరికి అదే సంఘం ఏడుపంటే ఉలిక్కిపడుతుంది.

నిజానికి క్రిస్మస్ కథలోనే కావలసినంత ఏడుపుంది. మన సండే స్కూలు నాటకాల్లో హేరోదు పాత్ర ఎవరికిస్తాం? బాగా నవ్వించే పిల్లాడికి. అట్ట కిరీటం, కాటుక మీసం, 'ఎవడక్కడ' అని కేక, జనం నవ్వులు. జ్ఞానులు వేరే దారిన వెళ్లిపోగానే నాటకం ముగిసిపోతుంది. మత్తయి అక్కడ ఆపలేదు. బేత్లెహేములో రెండేళ్ల లోపు మగపిల్లల్ని చంపించిన సంగతి రాశాడు. రాహేలు తన పిల్లల కోసం ఏడుస్తూ 'ఓదార్పు పొందనొల్లక యుండెను' అన్న యిర్మీయా మాటని అక్కడ పెట్టాడు. ఓదార్పు వద్దన్న తల్లి మన రక్షకుని పుట్టుక కథ మధ్యలోనే ఉంది, ఆమెను ఎవరూ మందలించలేదు. డిసెంబరు 28ని ఆ పిల్లల జ్ఞాపకానికి పాత సంఘాలు ఎప్పటినుంచో కేటాయించాయి. మన దగ్గర చాలా సంఘాల్లో ఆ రోజుకి పందిరి విప్పడం, కుర్చీల లెక్క చూసుకోవడం నడుస్తుంటుంది.

లూకాలో కూడా అంతే. నెల దాటిన బిడ్డని ఎత్తుకుని మందిరానికి వెళ్లిన తల్లితో, నీ హృదయంలోకి ఖడ్గం దూసుకుపోతుందని సుమెయోను చెప్పాడు. బారసాలకి వెళ్లి అలాంటి మాట ఎవరైనా అంటారా? ఆ పక్కనే అన్న అనే ముసలావిడ ఉంది. పెళ్లయిన ఏడేళ్లకే మొగుడు పోయాడు. ఎనభై నాలుగేళ్ల విధవరాలు. ఆ బిడ్డను గురించి యెరూషలేములో మొదట నలుగురికీ చెప్పినవాళ్లలో ఆవిడొకరు. మన క్రిస్మస్ స్టేజీ మీద ఆవిడ పాత్ర నేనెప్పుడూ చూడలేదు.

ఇక నాకు నిరీక్షణ ఎలా దొరికిందో చెప్పాలి, లేకపోతే ఇది ఫిర్యాదుల ఉత్తరం అవుతుంది.

ఆ ఏడు పండగ వెళ్లిన మూడో రోజో నాలుగో రోజో మా సంఘంలో ఒకప్పుడు బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. కళ్లు సరిగా కనపడవు, మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఎలా ఉన్నావని అడగలేదు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టమని మనవరాలికి చెప్పింది. నా చేత బైబిలు తెప్పించి 88వ కీర్తన చదవమంది. నేను ఆదరణ వాక్యమేదో వస్తుందని చదువుకుంటూ పోయాను. రాలేదు. ఆ కీర్తన చివరి మాట 'చీకటియే నాకు బంధువర్గమాయెను'. అంతే, అక్కడితో అయిపోయింది. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి ఎక్కడో ఒకచోట స్తుతి వైపు మలుపుంటుంది, దీనికి అదీ లేదు. నేను ఆవిడ వైపు చూశాను. 'మళ్లీ మొదటి వచనం చదువు' అంది. 'యెహోవా, నాకు రక్షణకర్తవగు దేవా.' 'అతను ఎవరితో చెప్పుకుంటున్నాడో చూశావా' అని టీ తాగి, గ్లాసులు కడిగించి వెళ్లిపోయింది. ప్రార్థన కూడా చెయ్యలేదు. మా సంఘంలో ప్రార్థన చెయ్యకుండా వెళ్లిన సందర్శన అదొక్కటేనేమో.

ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నేను దేవునితో మాట్లాడాను. స్తుతి కాదు, పోట్లాట. నా చీకటి ఆయనకి కొత్తేమీ కాదని, ఆ చీకటిలోకే ఆయన పుట్టాడని అప్పుడు గుండెకి ఎక్కింది. గెత్సేమనేలో ఆయనే తన ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉందని స్నేహితులతో చెప్పుకున్నాడు, కాసేపు తనతో మెలకువగా ఉండమని బతిమాలాడు. దేవుని కుమారుడు అడిగిన సాయం నేను అడగడానికి సిగ్గెందుకు? ఆయన మూడో రోజున లేచాడు గనక మావారిని మళ్లీ చూస్తానన్న నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ నమ్మకం డిసెంబరు రాత్రుల్లో ఏడుపుని ఆపదు. పొద్దున లేచి తల దువ్వుకోవడానికి సరిపోతుంది. నాకది చాలు.

ఇప్పుడు నర్సుగా నాలుగు మాటలు. దుఃఖం వేరు, డిప్రెషన్ అనే జబ్బు వేరు, కొన్నిసార్లు మొదటిది రెండోదాన్ని వెంటబెట్టుకొస్తుంది. రెండు వారాలకి మించి నిద్ర లేకపోవడమో అతిగా పడుకోవడమో, తిండి సయించకపోవడం, ఏ పని మీదా మనసు పోకపోవడం, నేను ఎందుకూ పనికిరానన్న మాట పదే పదే రావడం, చచ్చిపోతే బాగుండన్న ఆలోచన, వీటిని చూసినప్పుడు ఉపవాస ప్రార్థన ఒక్కటే పెట్టి ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి. మీ ప్రసంగ వేదిక మీద నుంచి బీపీ మాత్ర వేసుకునేవాళ్ల విశ్వాసాన్ని ఎవరూ ప్రశ్నించరు, మనసుకి వాడే మాత్రకీ అదే గౌరవం ఇవ్వండి. ఆ మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో 'స్వస్థత వచ్చింది, మానెయ్' అంటే మనిషి మళ్లీ మొదటికొస్తాడు. ఉపవాసం పేరుతో తిండీ మాత్రా రెండూ మాన్పించిన సందర్భాలు నేను వార్డులో చూశాను. దయ్యం పట్టిందని రాత్రంతా మైకు ముందు కూర్చోబెట్టి, నిద్రలేని మనిషికి ఉన్న కాస్త నిద్ర కూడా లేకుండా చేసిన ఇళ్లూ చూశాను.

ఏలీయా ప్రవక్తని దేవుడు ఎలా చూసుకున్నాడో చూడండి. కర్మెలు కొండ మీద అంత పెద్ద విజయం వచ్చిన వెంటనే ఆయన బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు. తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. ప్రశ్నలన్నీ హోరేబు చేరాకే. ఆసుపత్రిలో మేం చేసే పనీ ఇదే వరసలో ఉంటుంది.

పాస్టర్లు మెచ్చి ఉదహరించే ఇంగ్లండు ప్రసంగీకుడు స్పర్జన్ గారు బతికున్నంత కాలం ఈ దిగులుతో బాధపడ్డారు. 1856లో లండన్‌లో ఆయన కూటంలో ఎవరో అగ్గి అని అరిస్తే తొక్కిసలాట జరిగి ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు. ఆ దెబ్బ నుంచి ఆయన పూర్తిగా ఎప్పటికీ కోలుకోలేదు, ఆ సంగతి తన దగ్గర చదువుకునే కుర్ర పాస్టర్లకి తానే చెప్పేవారు. ఆయన ప్రసంగాలు తెలుగులో చదివి చెప్పేవాళ్లు ఈ సంగతి కూడా చెబితే, మన యవనస్థుల్లో ఎంతమంది తల ఎత్తుకుంటారో.

ఫోన్ నంబరు ఒకటి మీ ప్రకటనల్లో చేర్చండి: మనసు బాధల్లో సాయానికి టెలి మానస్, 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, డబ్బులు పడవు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తున్న మనిషి మీ దగ్గరికి వస్తే ఒంటరిగా ఇంటికి పంపకండి, ఎవరినైనా తోడిచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకొక్క సంగతి. ప్రసంగంలో నవ్వు కోసం 'ఎర్రగడ్డ', 'వైజాగ్ ఆసుపత్రి' అనే జోకులు దయచేసి మానేయండి. అక్కడికి వెళ్లి మందులు తెచ్చుకుని మామూలుగా బతుకుతున్నవాళ్లు మీ ఎదురుగా బల్లల్లో కూర్చుని ఉంటారు.

మన చరిత్రలో నిరీక్షణ ఎప్పుడూ పెద్ద జనంలో మొదలవ్వలేదు. మా ఒంగోలు ప్రార్థన కొండ సంగతి మీలో చాలామందికి తెలుసు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో తెలుగు బాప్టిస్టు మిషన్ మూసేద్దామా అన్నంత నిరాశగా ఉండేది. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చుని అదే మాట చర్చించారు. పటం మీద నెల్లూరు ఒక్కటే చుక్కలా ఉండటంతో దానికి ఒంటరి నక్షత్రం అని పేరు కూడా పడింది. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున మిషనరీ జెవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఐదుగురే. కొత్త సంవత్సరం కదా అని సంబరాలేమీ లేవు. ఒంగోలులో పని మొదలుపెట్టిన మిషనరీ క్లౌ దొర అక్కడికి వచ్చింది 1866లో. ఆ పన్నెండేళ్లూ చెప్పుకోదగ్గ సాక్ష్యమేదీ లేని ఏళ్లే. మెదక్ పెద్ద గుడి కూడా కరువు రోజుల్లో పస్తులున్న జనానికి పని, తిండి ఇస్తూ కట్టిందే. 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించారు. ఇంత చరిత్ర ఉన్న మనం, ఒక దుఃఖపడే మనిషి కనపడితే ఎందుకు ఇంత కంగారు పడతాం?

నా విన్నపాలు పెద్దవేం కావు. క్యారల్స్ పిల్లలకి చెప్పండి, పండగ లేని ఇంటి ముందు కూడా ఆగమనండి. డప్పు వద్దు, క్రిస్మస్ తాత వద్దు. ముందు రోజు ఒకరు వెళ్లి రమ్మంటారా అని అడగాలి. వద్దంటే సరే. రమ్మంటే ఇద్దరు ముగ్గురు నెమ్మదిగా ఒక పాట పాడి, మనిషి పేరెత్తి ప్రార్థన చేసి వెళ్లాలి. పోయినవాళ్ల పేరు ఎవరి నోటా రాకపోవడం కంటే ఎక్కువ బాధ ఇంకోటి లేదు.

డిసెంబరు 21 చుట్టుపక్కల ఒక సాయంత్రం గుడి తెరిచి ఉంచండి. ఏడాదిలో అతి పొడవైన రాత్రి అప్పుడే. పడమటి దేశాల్లో చాలా సంఘాలు ఆ రోజుల్లో దుఃఖంలో ఉన్నవాళ్ల కోసమే ఒక చిన్న ఆరాధన పెడతాయి. పాత కాలెండరులో అది తోమా దినం కూడా. మన దేశానికి వచ్చి మైలాపూరులో ప్రాణం విడిచాడని మనం చెప్పుకునే తోమాయే. పునరుత్థానం నాటి సాయంత్రం మిగతావాళ్లంతా ప్రభువుని చూశారు, ఇతనొక్కడే ఆ కూడికలో లేడు. అయినా ఎనిమిది రోజుల తర్వాత అదే ఇంట్లో వాళ్లతో పాటే ఉన్నాడు. నమ్మకం కుదరని మనిషిని ఆ వారం రోజులూ ఎవరూ గెంటేయలేదు. ప్రభువు మళ్లీ వచ్చింది అతని కోసమే. ఆ సాయంత్రానికి ప్రసంగీకుడు అక్కర్లేదు. రెండు వాక్య భాగాలు, కాస్త మౌనం, కోరుకున్నవాళ్లు పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించుకోవడం. కొత్త చీర కట్టుకోకపోయినా ఎవరూ అడగరని ముందే ప్రకటించండి. కువైట్‌లో ఉన్న తల్లుల పిల్లలని ఆ రోజు ముందు వరసలో కూర్చోబెట్టండి.

వాచ్ నైట్ గురించి కూడా చెప్పాలి. డిసెంబరు 31 రాత్రి ప్రార్థనల్లో మన నోటికి అలవాటైన మాట ఒకటుంది: 'మాకంటే మంచివాళ్లు, గొప్పవాళ్లు ఎందరో మట్టిలో కలిసిపోయారు, మమ్మల్ని మాత్రం సజీవుల లెక్కలో ఉంచావు, స్తోత్రం.' కృతజ్ఞతతో అనే మాటే. కానీ ఆ ఏడాది మొగుణ్ణి పూడ్చిపెట్టిన మనిషి ఆ చాప మీదే మోకాళ్లేసి ఉంటుంది. ఆమె చెవిలో ఆ మాట ఎలా పడుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. ఆమె భర్త ప్రభువుకి లెక్కలో తప్పిపోయాడా? ఆ వాక్యం మార్చుకోవడానికి పెద్ద వేదాంతం అక్కర్లేదు. సాక్ష్యాలప్పుడు కూడా, గెలిచినవాళ్లతో పాటు, ఈ ఏడాది ఏ జవాబూ రాలేదు, అయినా వచ్చాను అని చెప్పేవాళ్లకి మైకు ఇవ్వండి. అది కూడా సాక్ష్యమే.

మీ గురించి కూడా ఒక మాట. నెలంతా రోజుకి రెండు మూడు కూటాలు, గొంతు పోయి, తిండి వేళ తప్పి, జనవరి రెండో తారీకున మంచం మీద పడిపోయే పాస్టర్లని నేను చూశాను. వాళ్లింట్లో అమ్మగారు పండగ రోజున కూడా వందమందికి టీలు అందిస్తూ తన పిల్లలకి అన్నం పెట్టే తీరిక లేక ఏడవడం చూశాను. కర్మెలు తర్వాత బదరీ చెట్టు మీకూ వస్తుంది. అప్పుడు మాతో చెప్పండి. మీకు దిగులుగా ఉందని తెలిస్తే మేమేం సంఘం మారిపోము. జనవరి మొదటి వారంలో ఒక ఆదివారం పెద్దల్లో ఎవరితోనైనా వాక్యం చెప్పించుకుని మీరు విశ్రాంతి తీసుకోండి.

క్రిస్మస్ కమిటీ కూర్చునేటప్పుడు ఈ సంగతి అజెండాలో చివరన పెట్టకండి, చివరకొచ్చేసరికి అందరూ ఇళ్లకి లేస్తారు. సౌండ్ సిస్టమ్ కంటే ముందు పెట్టండి. ఖర్చేమీ లేదు. ఈ ఏడాది సంఘంలో ఎవరింట్లో మనిషి పోయారో ఆ పేర్ల జాబితా స్త్రీల సమాజాల దగ్గర ఉంటుంది, ఎవరింటికి వెళ్లాలో మేం చెబుతాం. ఆ సాయంత్రం టీ, కొవ్వొత్తులు, నడవలేనివాళ్లకి ఆటోలు మేం చూసుకుంటాం. గుడి తాళం ఆ రోజు ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం ముందుగా చెప్పండి.

ప్రభువునందు మీ సహోదరి,
ఒంగోలు ప్రాంతం నుంచి, స్త్రీల సమాజం సభ్యురాలు